దుప్పటి వాలు మీద ఆదివారం

గురువారం మధ్యాహ్నం మంచుచరియల కమిటీవాళ్లు అయిదుగురూ కొండ మీది సత్రానికి వచ్చేసరికి అఫ్రా క్నోడెల్ ఉండలు చుడుతోంది. నిలవ రొట్టె ముక్కలు, పాలు, గుడ్లు, పొగబెట్టిన పందిమాంసం తరుగు కలిపి, తడిచేత్తో గుండ్రంగా చుట్టి పళ్లెంలో వరసగా పేరుస్తోంది. బయట స్కీలు విప్పి గోడకి ఆనించిన చప్పుడు, బూట్లకి పట్టిన మంచు దులుపుకున్న చప్పుడు, వాటి వెనకే తన బావగారు ఇగ్నాజ్ దగ్గు వినబడ్డాయి. ఆమె తల తిప్పకుండానే మరో పది ఉండలకి సరిపడా రొట్టె గిన్నెలో పోసింది.

ఇగ్నాజ్ ఆమె భర్త హార్ట్‌మన్‌కి అన్న. ఆ కమిటీకి అధ్యక్షుడు, కింద లోయలో స్కీ బడి నడుపుతాడు. ఏ వాలు మీద నడవొచ్చో, ఏ దారి మూసెయ్యాలో చెప్పే కాగితం మీద పద్దెనిమిదేళ్లుగా ఆయన సంతకమే ఉంటోంది. ఆ కాగితంలోని అంకెలు మాత్రం అఫ్రావి. రోజూ తెల్లవారుతుండగా సత్రం వెనకాల మంచులో గొయ్యి తవ్వి, పొరపొరకీ థర్మామీటరు గుచ్చి, మంచు గింజలు అరచేతిలో వేసుకుని భూతద్దంతో చూసి, ఆమె ఫోన్‌లో చెబుతుంది. ఆయన రాసుకుంటాడు.

ఆదివారం జరగబోయే పందెం గురించి వాళ్లు వచ్చారు. లోయలోంచి స్కీల మీద ఎక్కుతూ సత్రం పక్కగా వచ్చి, దుప్పటి వాలు అడ్డంగా దాటి, రోట్‌కోఫ్ శిఖరం చేరే పందెం అది. ఇది ముప్పై రెండో ఏడు. ఆరేసిన దుప్పటిలా నున్నగా, నిటారుగా, పొద్దుటెండకి ఎదురుగా ఉంటుందని ఆ వాలుకి ఆ పేరు. ఏటా తెల్లవారుజామున అయిదున్నరకే పందెం మొదలుపెట్టేవాళ్లు. ఈసారి బ్యాండు మేళం, కెమెరాలవాళ్లు, దూరం నుంచి వచ్చే అతిథులు ఉన్నారని ఏడున్నరకి జరిపారు.

“ఏడున్నరకి బయల్దేరితే మొదటివాడు తొమ్మిదికల్లా వాలు దాటేస్తాడు,” అన్నాడు ఇగ్నాజ్, మ్యాపు మీద వేలు జరుపుతూ.

“మరి ఆఖరివాడు?” అంది అఫ్రా, సూప్ గిన్నెలు బల్ల మీద పెడుతూ.

ఎవరూ తలెత్తలేదు. కింద హోటలున్న కొన్రాడ్ ఒక చెంచా తాగి, “అఫ్రా, ఏం వేశావిందులో? ప్రాణం లేచొచ్చింది,” అన్నాడు.

“ఎప్పుడూ వేసేదే. ఆఖరివాడు పదకొండయితే గాని దాటడు. అప్పటికి ఆ వాలుకి ఎండ తగిలి నాలుగ్గంటలవుతుంది. మంచు మెత్తబడి చరియ జారొచ్చు.”

“రాత్రి బాగా గడ్డకడితే పదకొండు దాకా ఏం కాదు,” అన్నాడు ఇగ్నాజ్. “నీ అంకెలే చెప్తున్నాయి కదా. ఈ వారమంతా మైనస్ ఆరు, మైనస్ ఏడు.”

“ఈ వారం సరే బావగారూ. ఆదివారం సంగతి ఆదివారం గాని తెలీదు.”

“అదంతా మేం చూసుకుంటాంలేమ్మా. కాస్త రొట్టె తెచ్చిపెట్టు.”

అఫ్రా రొట్టెల బుట్ట తెచ్చి నిలబడింది. వాళ్లు ఏడున్నరకే అని చేతులెత్తారు. అయిదు చేతులూ లేచాయి. బుట్ట పెట్టడానికి బల్ల మీద చోటు లేక, చేతులు దిగేదాకా ఆమె అలాగే పట్టుకుని నిలబడాల్సొచ్చింది.

వాళ్లు దిగిపోయాక హార్ట్‌మన్ ఆమె కడిగిచ్చిన గిన్నెలు తుడుస్తూ అడిగాడు, “చెప్పావా?”

“చెప్పాను.”

“ఏమన్నారు?”

“సూప్ బాగుందన్నారు.”

హార్ట్‌మన్ ఫక్కున నవ్వాడు. ఆమె మొహం చూసి నవ్వు ఆపేసి, తుడిచిన గిన్నెనే మళ్లీ తుడిచాడు.

శుక్రవారం పొద్దున మంచు రాయిలా ఉంది. పార దించితే ఖణేల్‌మంది. శనివారం మధ్యాహ్నానికి దక్షిణం నుంచి గాలి తిరిగింది. ముఖానికి తగిలితే బట్టలుతికే గదిలో ఆవిరిలా ఉందది. మూడింటికి కొండల మీదికి మబ్బు దిగింది. దండెం మీద ఆరేసిన దిండు గలీబులు తీస్తూ అఫ్రా చూరు కేసి చూసింది. చూరు చివర వేలాడే మంచు సూదుల నుంచి చుక్కలు పడుతున్నాయి. రోజూ సాయంత్రం అయిదయ్యేసరికి ఆ చుక్కలు ఆగిపోతాయి. ఆ రోజు భోజనాలయి, దీపాలార్పే వేళకి కూడా కింద రేకు తొట్టెలో టప్, టప్‌మని పడుతూనే ఉన్నాయి.

ఆదివారం నాలుగున్నరకి ఆమె కళ్లు తెరవకముందే ఆ చప్పుడు చెవిన పడింది.

తల మీద దీపం కట్టుకుని బయటికి వెళ్లింది. రాత్రంతా మబ్బు కొండల మీద మూతపెట్టినట్టు ఉండిపోయింది. ఇప్పుడిప్పుడే తూర్పున విడుతోంది. స్కీ కర్ర మంచు మీద ఆనించి తేలిగ్గా నొక్కింది. పిడి దాకా దిగిపోయింది. రెండడుగులు వేస్తే తొడల దాకా కూరుకుపోయింది. అక్కడి నుంచే ఇగ్నాజ్‌కి ఫోన్ చేసింది.

“గడ్డకట్టలేదు బావగారూ.”

“ఎంతుంది?”

“ప్లస్ రెండు. రాత్రంతా సున్నా కిందికి రాలేదు. వాలు మీదికి ఎవర్నీ పంపొద్దు.”

అవతల ఎవరో బాకా ఊది చూసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. “మబ్బు విడుతోందిగా. ఇప్పుడైనా చల్లబడొచ్చు.”

“విడితే ఎండ తిన్నగా దాని మీదే పడుతుంది.”

“నూట ఎనభై మంది వచ్చారు అఫ్రా. సరే, ఉండు. నేనే వచ్చి చూస్తాను.”

ఆయన మంచు బండి మీద వచ్చేలోగా ఆమె దుప్పటి వాలు అంచున, ఏటవాలు మొదలయ్యే చోట, గొయ్యి సగం తవ్వింది. బండి దిగి ఆయన నోరు తెరవబోయాడు. ఆమె పార ఆయన చేతిలో పెట్టి పక్కకి జరిగింది.

“మిగతాది మీరు తవ్వండి.”

ఇగ్నాజ్ ఆమెని ఒకసారి చూసి తవ్వడం మొదలుపెట్టాడు. అరవై మూడేళ్ల మనిషి. గంట కిందటే కొత్త చొక్కా వేసుకుని మెడకి రుమాలు కట్టుకున్నాడు. నాలుగు పారలకే రుమాలు విప్పి జేబులో కుక్కాడు. పైన నాలుగు వేళ్ల మందాన గట్టి పెచ్చు ఉండాలి. పాల మీద మీగడంత కూడా లేదు. దాని కింద మంచంతా నానిన బొంబాయిరవ్వలా విడివిడిగా ఉంది. గుప్పెడు తీసి పిండితే నీళ్లు మణికట్టు మీదుగా మోచేతి దాకా కారి చొక్కా తడిసింది. అడుగున, గడ్డి మీద, పార ఆనించగానే గోడ దానంతటదే జారి ఆయన బూట్ల మీద కూలింది.

ఆయన బూట్లు బయటికి లాక్కుని గొయ్యి గట్టున కూర్చున్నాడు. అఫ్రా కూడా పక్కన కూర్చుంది.

“ఒక్కొక్కరినీ ఎడంగా పంపిస్తే?” అన్నాడు.

“నూట ఎనభై మందినా? పక్కన నిలబడి, నువ్వెళ్లు, నువ్వెళ్లు అని మీరు చెప్తారా?”

ఆయన రుమాలు తీసి చెయ్యి తుడుచుకున్నాడు. “బ్యాండువాళ్లు వచ్చేశారు,” అన్నాడు.

“మంచిదే కదా. పైకి రమ్మనండి. ఇక్కడ వాయిస్తారు.”

“చరియ పడకపోతే?”

“పడకపోవచ్చు.”

“పడకపోతే లోయంతా నవ్వుతుంది.”

“నవ్వుతుంది,” అంది అఫ్రా. గొయ్యిలో నీళ్లు ఊరుతున్నాయి. పైన వాలు అంచు మీద మొదటి ఎండ గీతలా పడింది. ఇద్దరూ దాన్నే చూశారు.

“నేను వెళ్లి మా గుమ్మం ముందు గెలుపు రిబ్బను కడుతున్నాను. పందెం అక్కడితో సరి,” అంది లేస్తూ. “కాదనుకుంటే విప్పించండి.”

ఆమె కట్టెల మోపు దగ్గర రిబ్బను ఒక కొస ముడివేస్తుంటే, రెండో కొస జెండా కర్రకి కట్టడానికి హార్ట్‌మన్ నిచ్చెన ఎక్కాడు. గొయ్యి దగ్గర ఇగ్నాజ్ రేడియో నోటి దగ్గర పెట్టుకోవడం అక్కడి నుంచి కనబడుతోంది. ఏం చెబుతున్నాడో వినబడటం లేదు. ఆయన బండెక్కి కిందికి వెళ్తూ రిబ్బను పక్కగా వెళ్లాడు. బండి ఆపలేదు.

ఎనిమిదిన్నరకి అయిదు నిమిషాలుండగా మొదటి కుర్రాడు రొప్పుతూ వచ్చి రిబ్బను తెంపాడు. పక్క లోయవాడు. ఇంకా ఎక్కడానికి ఓపిక మిగిలినందుకు ఏం చెయ్యాలో తెలియనట్టు అక్కడక్కడే రెండుసార్లు తిరిగి, మంచులో కూర్చున్నాడు. పదయ్యేసరికి సత్రం ముందు చోటు లేదు. బల్లలు, బెంచీలు, తిరగేసిన చెక్కపెట్టెలు, అన్నిటి మీదా జనమే. బ్యాండువాళ్లు కోటు గుండీలు విప్పుకుని వాయిస్తున్నారు. ఎండ నెత్తిన కాస్తోంది. అందరి ఎదుటా దుప్పటి వాలు తెల్లగా, నున్నగా, ఒక్క గీత లేకుండా నిలబడి ఉంది.

పదకొండయింది. పన్నెండయింది. అది కదల్లేదు.

“దుప్పటి ఇంకా ఆరలేదా?” అని ఎవరో అరిచారు. నవ్వులు లేచాయి.

“ఉతికిన వాళ్లనడగండి,” అన్నారింకెవరో.

బహుమతులిచ్చేటప్పుడు నారింజరంగు జాకెట్టు వేసుకున్న ఒకాయన లేచాడు. పట్నం మనిషి. నలభై ఏళ్లుంటాయి. “మూడు వందల కిలోమీటర్లు కారు నడుపుకుంటూ వచ్చాను. శిఖరం ఎక్కడానికి వచ్చాను గాని సత్రం గుమ్మం చూడ్డానికి కాదు,” అన్నాడు. “చరియ పడుతుందన్నారు. ఏదీ, ఎక్కడ పడింది? అసలిది ఎవరు ఆపారు?”

ఇగ్నాజ్ మైకు ముందున్నాడు. ఆయన మెడ ఎర్రబడింది. బ్యాండు ఆగింది. వంటింటి కిటికీలోంచి అఫ్రాకి ఆయన వీపు, కారిన నీళ్లతో మచ్చపడిన చొక్కా చెయ్యి కనబడుతున్నాయి. పద్దెనిమిదేళ్లుగా ఏ సభలో ఏ ప్రశ్న వచ్చినా ‘మా కమిటీ పరిశీలనలో’ అనే ఆయన మొదలుపెట్టేవాడు.

“ఆపింది నేను,” అన్నాడు ఇగ్నాజ్. “ఏమన్నా అనాలంటే నన్నే అనండి.”

అఫ్రా చేతిలో గరిటె అలాగే ఉంది. ఆయన ఎటువంటి మనిషో తనకి తెలుసని ఇన్నేళ్లూ అనుకుంది. లోపలే ఉండిపోతే ఎవరూ తనని ఏమీ అనరు. ఉండలు ఉడుకుతున్నాయి. వాటిని మరో రెండు నిమిషాల్లో తియ్యాలి. ఆమె గరిటెతోనే గుమ్మంలోకి వచ్చింది.

“ఆయన కాదు,” అంది. మైకు లేకపోయినా ఆ నిశ్శబ్దంలో అందరికీ వినబడింది. “తవ్వి చూసింది నేను. ఎవర్నీ పంపొద్దన్నది నేను. ఆయన నా మాట విన్నారు. నా పేరు అఫ్రా. ఈ సత్రం మాదే. తిట్టేవాళ్లు వంటింటి కిటికీ దగ్గరికి రండి. సూప్ కూడా అక్కడే ఇస్తున్నాను.”

పెద్ద బాకా పట్టుకున్నాయన నవ్వాపుకోలేక బాకాలోకే నవ్వాడు. అది భోంయ్‌మంది. దాంతో అందరూ నవ్వేశారు. కిటికీ ముందు వరస కట్టారు.

నారింజ జాకెట్టాయన వంతు వచ్చింది. “పడలేదు కదండీ,” అన్నాడు. గొంతు మునుపటంత గట్టిగా లేదు.

“పడలేదు.”

“అంటే మీరు పొరబడ్డట్టేగా?”

“నిన్న రాత్రి మీ కారుకి తాళం వేశారా?”

“వేశాను.”

“దొంగొచ్చాడా?”

ఆయన వాలు కేసి చూశాడు, చేతిలోని ఖాళీ గిన్నె కేసి చూశాడు.

“ఉండలు రెండా, మూడా?” అంది అఫ్రా.

“మూడు.”

రెండింటికి ఉండలు అయిపోయాయి. మూడింటికి రొట్టె అయిపోయింది. జనం వచ్చిన దారినే కిందికి దిగిపోతుంటే ఇగ్నాజ్ వంటింట్లోకి వచ్చి, చొక్కా చేతులు మడిచి, తొట్టెలో గిన్నెలు కడగడం మొదలుపెట్టాడు. ఆ ఇంట్లో ఆయన గిన్నె కడగడం అఫ్రా ఎప్పుడూ చూడలేదు. అడుగు వదిలేసి అంచులు మాత్రమే తోముతున్నాడు. ఆయన కడిగినవి ఆమె మళ్లీ కడిగింది.

“నేనే మోసేవాణ్ణిగా,” అన్నాడు ఆయన నీళ్లలోకి చూస్తూ.

“తెలుసు.”

“మరి నువ్వెందుకొచ్చావ్?”

“ఇన్నేళ్ల మంచిపేరూ మీరే మోశారు బావగారూ. ఈ తిట్లన్నా నాకుంచండి.”

ఇగ్నాజ్‌కి నవ్వూ దగ్గూ కలిసి వచ్చాయి. చాలాసేపు దగ్గాడు. “వచ్చే మీటింగుకి నువ్వూ కూర్చోవాలి,” అన్నాడు తేరుకుని. “అధ్యక్షుడిగా చెప్తున్నాను.”

“వంటెవరు చేస్తారు?”

“హార్ట్‌మన్ చేస్తాడు.”

“అయితే ఇంట్లో తినేసి రండి.”

బయట హార్ట్‌మన్ ఏదో గొణిగాడు.

ఖాళీ పాల డబ్బాలు సర్దడానికి ఆమె వెనక గుమ్మంలోకి వెళ్తే, కట్టెల మోపు మీద క్విరిన్ ఒక్కడే కూర్చుని కనిపించాడు. డెబ్బై నాలుగేళ్ల వడ్రంగి. ఈ పందెం మొదలైన నాటి నుంచి ఒక్క ఏడాది కూడా మానకుండా ముప్పై ఒక్కసార్లు శిఖరం ఎక్కాడు. స్కీలు ఇంకా కాళ్లకే ఉన్నాయి.

“దిగలేదేం బాబాయ్? ఏం తిన్నావు?”

“ముప్పై రెండోది నా దగ్గర లాగేసుకున్నావమ్మాయ్.”

“లాగేసుకున్నాను.”

ఆయన మోకాలు రుద్దుకున్నాడు. “జూన్‌లో దీన్ని కోసి ఇనపది పెడతారట. వచ్చే ఏడు డాక్టరేమంటాడో.” కాస్త ఆగి, “నువ్వు చేసింది తప్పని కాదు. మా పిన్ని కొడుకు అలాంటి రోజే పోయాడు. తప్పని కాదు. బాధగా ఉంది, అంతే,” అన్నాడు.

అఫ్రా డబ్బాలు కింద పెట్టింది. చెంప మీద చల్లగా ఏదో తగిలినట్టయి ముఖం ఉత్తరం వైపు తిప్పింది. పొద్దుట మసకగా ఉన్న దూరపు శిఖరాలు ఇప్పుడు కత్తితో కోసినట్టు అంచులతో సహా కనబడుతున్నాయి. వేలు తడిచేసి గాల్లోకి ఎత్తింది.

“స్కీలు విప్పు బాబాయ్,” అంది. “రాత్రికి ఇక్కడే పడుకో.”

“ఎందుకు?”

“గాలి తిరిగింది. ఇంట్లో పిన్నికి ఫోన్ చేసి చెప్పు.”

సోమవారం నాలుగున్నరకి ఆమెకి మెలకువ వచ్చేసరికి చూరు దగ్గర ఏ చప్పుడూ లేదు. తలుపు తీస్తే నక్షత్రాలు బోలెడున్నాయి. మంచు మీద అడుగేసింది. బూటు గుర్తు కూడా పడలేదు. స్కీ కర్ర బలంగా పొడిస్తే ఇనప మొన టక్కుమని ఎగిరింది. గునపంతో గొయ్యి తవ్వింది. నిన్న నీళ్లు కారిన పొర ఇవాళ జానెడు మందాన ఒక్క పలకలా గట్టిపడింది. థర్మామీటరు మైనస్ తొమ్మిది చూపించింది. ఇగ్నాజ్‌కి ఫోన్ చేసి అంకెలు చెప్పింది. “తొమ్మిది దాకా వెళ్లొచ్చు. ఆ తర్వాత ఎవరూ వద్దు,” అంది. ఆయన తిరిగి ఏమీ అడగలేదు.

లోపలికి వచ్చి మేడ మీది గది తలుపు తట్టింది. “క్విరిన్ బాబాయ్. లే. గడ్డకట్టింది.”

లోపల ముసలాయన అప్పటికే బూట్లు వేసుకుని మంచం మీద కూర్చున్నాడు.

హార్ట్‌మన్ పాలు కాస్తూ, “మిగిలిన వాళ్ల ఫలహారం?” అన్నాడు.

“నువ్వు పెడతావు.”

“నువ్వెళ్లి ఎన్నాళ్లయింది పైకి?”

అఫ్రా ఆలోచించింది. పొద్దుటిపూట గొయ్యి, తర్వాత కాఫీలు, పక్కబట్టలు. ఆరేళ్లయి ఉంటుంది. పాలు పొంగుతున్నాయని మాత్రం చెప్పి బయటికి నడిచింది.

వెనక్కి జారకుండా స్కీల అడుగున పట్టీలు అతికించి, ఇనప పళ్లు బిగించి, ఇద్దరూ దుప్పటి వాలు మీద అడుగుపెట్టారు. పళ్లు గట్టి మంచులో కరకరమని దిగుతున్నాయి. అఫ్రా ముందు నడిచింది. ఆయన మోకాలికి కష్టం కాకుండా దారి వాలుగా తీసింది. యాభై అడుగుల ఎడం ఉంచి రమ్మంది. ఆయన అలాగే వచ్చాడు. మలుపు దగ్గర ఆగినప్పుడు ఆయన ఊపిరి సరిపడేదాకా ఏదో బకిల్ సర్దుకుంటున్నట్టు వంగి ఉంది.

“నా కోసం ఆగక్కర్లేదు,” అన్నాడు వెనక నుంచి.

“నా బకిల్ వదులయింది.”

“అయిదోసారి.”

“పాత బూట్లు.”

వాలు నీలం నుంచి బూడిద రంగుకి, ఆ తర్వాత గులాబీ రంగుకి మారింది. ఏడుంపావుకి శిఖరం మీద ఉన్నారు. క్విరిన్ అక్కడి చెక్క శిలువ మీద అరచెయ్యి ఆనించి, వడ్రంగి కదా, అతుకు గట్టిగా ఉందో లేదో కాస్త ఊపి చూశాడు. తృప్తిగా కూర్చున్నాడు. అఫ్రా రొట్టె, పొగమాంసం తీసి చాకుతో సన్నగా కోసింది. ఇద్దరూ తిన్నారు. కింద సత్రం పొగగొట్టం నుంచి పొగ లేస్తోంది. మామూలు కంటే నల్లగా ఉంది. పాలు మాడి ఉంటాయనుకుంది. లేచి పరిగెత్తాలనిపించలేదు.

ఎనిమిదికి క్విరిన్ స్కీలు కట్టుకున్నాడు. “పోదామా?”

“ఇంకా కాదు. ఇప్పుడు దిగితే గాజు మీద దిగినట్టుంటుంది. మోకాలు జూన్ దాకా ఆగదు.”

“ఇంకెంతసేపు?”

“ఒక వేలి మందం కరగనీ.”

పావుగంటకోసారి ఆమె చేతితొడుగు తీసి బొటనవేలితో మంచు నొక్కి చూసింది. ఎనిమిదీ ముప్పావుకి వేలు గోరు దాకా దిగింది. కింద గట్టిదనం మాత్రం కదల్లేదు.

“ఇప్పుడు,” అంది.

ముసలాయన ముందు దిగాడు. ఆయన కింద రాళ్ల పక్కకి చేరి కర్ర ఎత్తేదాకా అఫ్రా పైనే నిలబడింది. తర్వాత స్కీల ముక్కులు వాలులోకి తిప్పింది. మొదటి మలుపులోనే కాళ్లకి అంతా గుర్తొచ్చింది. పైపొర రవ్వ జారినట్టు సరసరమంటూ పక్కకి లేస్తోంది. స్కీ ఎక్కడా తట్టుకోవడం లేదు, ఎక్కడా కుంగడం లేదు. గాలికి కళ్లలో నీళ్లొస్తున్నాయి. నిన్నంతా నూట ఎనభై మంది చూస్తూ కూర్చున్న ఆ తెల్లటి వాలు మీద పై నుంచి కింది దాకా ఆమె ఎక్కడా ఆగలేదు. గొంతులోంచి తనకి తెలియకుండానే ఏదో కూత వచ్చింది.

రాళ్ల పక్కన క్విరిన్ కర్రల మీద వాలి ఆమె కోసం చూస్తున్నాడు. గడ్డం నిండా మంచు పొడి. తన గీతల కేసి గర్వంగా కర్ర చూపించాడు.

“ఎన్ని మలుపులు తిప్పానో చూశావా?”

“లేదు బాబాయ్,” అంది అఫ్రా, ముక్కు తుడుచుకుంటూ. “నావి నేను చూసుకుంటున్నాను.”